ప్రెస్ బండి

సకల జనుల సమ్మె నడిచిన ఏడాది మా ఇంట్లో ఎవరికీ ఎవరితోనూ పడేది కాదు. బడులు బందు, బస్సులు బందు, ఆఫీసులు బందు. నేను చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి కూడా తాళం పడింది. కొత్తపేటలో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. పొద్దున లేస్తే నేను, మా ఆయన బాల్‌రాజ్, మా తమ్ముడు యాదగిరి ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకోవాల్సిందే. ముఖాలు బాగుంటే చూడొచ్చు. ఆ రోజుల్లో మా ముగ్గురివీ చూడదగ్గవి కావు.

బాల్‌రాజ్ ఒక దినపత్రికకు ఎల్బీ నగర్ విలేఖరి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏం జరిగినా రాయాల్సింది ఆయనే. పత్రిక యజమానిది కోస్తా. ఈయనది నల్లగొండ జిల్లా, తెలంగాణ రావాలని నిద్రలో కూడా కలవరించే మనిషి. పొద్దున దీక్షా శిబిరానికి పోతే, మీ ఆంధ్ర పేపర్ల మా వార్త ఏ మూలకేసినవని మనవాళ్ళు నిలదీసేవాళ్ళు. సాయంత్రం ఆఫీసుకు పోతే, నువ్వు విలేఖరివా ఉద్యమకారుడివా అని వాళ్ళు ఎత్తిపొడిచేవాళ్ళు. రెండు వైపులా తిట్లు తిని ఇంటికొచ్చి నోరు మెదపకుండా అన్నం తినేవాడు. ఆ మౌనం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎవరినో ఒకరిని తిరిగి తిట్టొచ్చు కదా మనిషన్నాక!

ఆయన సంగతి ఒకటి ముందే చెప్పాలి. కొత్త షాపులు తెరిచినప్పుడు విలేఖరులను పిలిచి, పోయేటప్పుడు ఏదో ఒక డబ్బా చేతిలో పెట్టి పంపుతారు. తోటి విలేఖరుల ఇళ్ళలో గోడ గడియారాలు, కుక్కర్లు అలా వచ్చినవే. ఈయన ఉత్త చేతులతో వచ్చేవాడు. ఒకసారి ఒక ప్లాట్ల వ్యాపారి తన మనిషి చేత మా ఇంటికే మిక్సీ పంపాడు. ఈయన ఇంట్లో లేడు. నేను సంబరపడి డబ్బా విప్పి పల్లీల చట్నీ రుబ్బాను. సాయంత్రం వచ్చి చూసి, మిక్సీని కడిగించి, తుడిపించి, మళ్ళీ డబ్బాలో పెట్టించి వెనక్కి పంపాడు. రుబ్బిన మిక్సీ తిరిగిచ్చిన ఇల్లు హైదరాబాదు మొత్తంలో మాదొక్కటే అయుంటుంది. నేను సిగ్గుతో చచ్చిపోయి, ఇదేం పట్టింపని అరిస్తే ఒక్కటే మాటన్నాడు. "రేపు ఆయన మీద రాయాల్సి ఒస్తే నాకు ఈ చట్నీ యాదికొస్తది."

ఇంత పట్టింపున్న మనిషి ఒక్క బండి విషయంలో మాత్రం ఆదమరిచాడు. ఆయన హీరో హోండా మీద ముందు ఎర్రక్షరాలతో ప్రెస్ అని స్టిక్కరుండేది. ఆ బండే మా ఇంటి బండి. కూరగాయలకు అదే, గ్యాస్ బండకు అదే. సమ్మెలో ఆ స్టిక్కరున్న బండిని పోలీసులూ ఆపరు, ఉద్యమకారులూ ఆపరు. మా గల్లీలో ఎవరికి దవాఖాన పనిబడినా వచ్చి అడిగి తీసుకుపోయేవాళ్ళు. తాళం మేకుకు వేలాడుతుండేది. ఎవరడిగినా ఇచ్చేదాన్ని నేనే.

మా తమ్ముడు యాదగిరి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు కోసం వచ్చి మా దగ్గరే ఉండేవాడు. నాయన లేడు. తుర్కయంజాల్‌లో మా అమ్మ అండాలమ్మ ఒక్కతే ఉండేది. ఉన్న భూమి ప్లాట్ల కింద పోయింది. ఇక ఆమె ఆశంతా వీడి ఉద్యోగం మీదే. వీడూ కష్టపడ్డాడు, అబద్ధమెందుకు చెప్పాలి! పరుగు నెగ్గాడు, పరీక్ష నెగ్గాడు, కానిస్టేబులుగా ఎంపికయ్యాడు. పోలీసులు వచ్చి వీడి మీద కేసులేమైనా ఉన్నాయా అని విచారించి పోవడం ఒక్కటే మిగిలింది. ఒక్క కేసు కనబడితే అంతా గంగపాలే.

సమ్మె ముదిరాక పోలీసు బందోబస్తుతో ప్రైవేటు బస్సులు నడపడం మొదలైంది. ఒక రోజు బాల్‌రాజ్ ఫోటోగ్రాఫర్ బండెక్కి మలక్‌పేట వైపు ధర్నాకు పోయాడు. యాదగిరి తాళం అడిగాడు. వనస్థలిపురంలో దోస్తు దగ్గర పుస్తకం తెచ్చుకోవాలన్నాడు. నేను ఆలోచించలేదు. మేకు మీదనుంచి తీసి ఇచ్చాను.

మాపటికి ముందే వచ్చి బండి వాకిట్లో పెట్టి, నీళ్ళు పోసుకుంటానని లోపలికి పోయాడు. నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ చప్పుడు లేదు. మామూలుగా వాడు స్నానం చేస్తే గల్లీకంతా పాటలు వినబడాలి.

కాసేపటికి బాల్‌రాజ్ వచ్చాడు. చెప్పులు విడవకుండానే వాకిట్లో బండి ముందు నిలబడ్డాడు. ఎల్బీ నగర్ దగ్గర ప్రైవేటు బస్సు మీద రాయి పడిందట. కిటికీ పక్కన కూర్చున్న ఒకామెకు గాజు పెంకులు కంట్లో గుచ్చుకున్నాయట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసుకొని బతికే తిరుపతమ్మ అనే మనిషట, ప్రకాశం జిల్లా నుంచి వచ్చిందట. ఆ కన్ను ఇక రాదని డాక్టర్లు చెప్పేశారట. వేసినవాళ్ళు ఇద్దరు, ప్రెస్ అని రాసున్న బండి మీద వచ్చారు కాబట్టి పోలీసులు బారికేడు తీసి మరీ దారిచ్చారట. ఇదంతా నాకు చెప్పి, బండి బయటికి పోయిందా అని అడిగాడు.

నేను జవాబు చెప్పక ముందే యాదగిరి తువ్వాలు భుజాన వేసుకొని బయటికొచ్చాడు. వాడు భయపడితే నాకు జాలి కలిగేదేమో. వాడు భయపడలేదు.

"ఉద్యమం బావా ఇది. నువ్వు పేపర్ల రాసుకుంట కూసో, మేం రోడ్డు మీద కొట్లాడుతం. దోస్తు బండి నడిపిండు, నేను అద్దానికేసిన. అవుతల మనిషుందని నాకేం ఎరుక?"

బాల్‌రాజ్ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె కన్ను పోయిందిరా అని మాత్రం అన్నాడు. అప్పుడు వాడి ముఖం కొంచెం పాలిపోయింది. అయినా, మన పిల్లల పానాలు పోలేదా, ఆమెది కన్నేనాయె అని ఏదో గొణిగి గదిలోకి పోయాడు. వాడన్న ఆ మాటకు నాకు చెయ్యి లేచింది. ఇరవై రెండేళ్ళు ఎత్తుకు పెంచినట్టు పెంచిన తమ్ముణ్ణి కొట్టలేక ఆ చెయ్యి కిందికి దించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా ఏరియా సీఐ బాల్‌రాజ్‌ను చాయ్ తాగడానికి రమ్మని కబురు చేశాడు. ఆ వారంలోనే పోలీసులు ఒక మగపిల్లల హాస్టల్లో జొరబడి, చదువుకుంటున్న పిల్లలను లాఠీలతో చితకబాదారు. ఒక పిల్లవాడి మోచెయ్యి విరిగింది. బాల్‌రాజ్ పోయి పిల్లలతో మాట్లాడి, ఫోటోలు తీయించి, వార్త రాసి సిద్ధంగా పెట్టుకున్నాడు. ఆ సంగతి సీఐకి తెలుసు.

స్టేషన్ నుంచి తిరిగొచ్చి జరిగింది మాకు చెప్పాడు. అప్పటికి మా అమ్మ కూడా ఆటోలు మారి మారి తుర్కయంజాల్ నుంచి వచ్చి కూర్చుంది. సీఐ చాలా మర్యాదగా మాట్లాడాడట. బండి నంబరు కానిస్టేబుల్ చూశాడనీ, అది ఎవరి బండో తనకు తెలిసిపోయిందనీ చెప్పి, మనం మనం ఒకటి కదా అన్నాడట. రాయి వేసింది గుర్తు తెలియని వ్యక్తులని మేము రాసుకుంటాం, మీ పేపర్లోనూ అదే రానియ్యండి, బావమరిది ఉద్యోగం చల్లగా ఉంటుంది, హాస్టల్ సంగతి మాత్రం జర పక్కన పెట్టండి అన్నాడట.

మా అమ్మ రెండు చేతులూ ఎత్తి సీఐకి మొక్కినంత పని చేసింది. యాదగిరి గోడకానుకొని ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ దేవుడే దారి చూపించాడన్నాను. అనలేదని ఇప్పుడు బొంకను. తమ్ముడికి నౌకరీ పోతుందంటే ఏ అక్కయినా అదే అంటుంది.

బాల్‌రాజ్ తలకాయ అడ్డంగా ఊపాడు. "గుర్తు తెలియనోళ్ళని నేనెట్ల రాయాలె? నా పక్కన కూసోని తింటుండు కద. ఇయ్యాల హాస్టల్ పోరగాండ్ల సంగతి దాస్తే రేపటిసంది నేను ఆ సీఐ జేబుల ఉంట."

మా అమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రాయుడు నీతోని కాకపోతే రాయకు. నోరు మూసుకో. మూసుకుంటె నీదేం పోతది? నా కొడుకు బతుకు నీ కలానికి అడ్డమొచ్చిందా?" అని కడిగేసింది. అల్లుడనే మర్యాద కూడా లేకుండా నానా మాటలంది. పిల్లనిచ్చిన పాపానికి ఇంటికి శని తెచ్చుకున్నానంది. నేను మధ్యలో కల్పించుకోలేదు. లోపల నాకూ అలాగే ఉంది మరి.

ఆయన మా అందరి ముందే ఫోను తీసి ఆఫీసుకు చేశాడు. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. రాయి కేసులో ఉన్న బండి తనదని, అందులో తన ఇంటి మనుషుల ప్రమేయం ఉందని, పోలీసులు హాస్టల్ వార్త ఆపమని తనతో బేరం పెట్టారని చెప్పాడు. ఈ రెండు వార్తలూ తాను రాయకూడదన్నాడు. హాస్టల్ ఫోటోలు పంపిస్తాను, వేరే మనిషి వచ్చి మళ్ళీ మొదటినుంచీ అడిగి రాసుకోవాలి, ఇంటి సంగతిలో నా మాట కూడా నమ్మొద్దు అన్నాడు. ఫోను పెట్టేసి యాదగిరి వైపు తిరిగి, వాళ్ళు వచ్చేలోపల నువ్వే స్టేషన్‌కు పోయి చెప్పుకుంటే మంచిదిరా అన్నాడు.

యాదగిరి స్టేషన్‌కు పోలేదు. బట్టలు సంచిలో కుక్కుకొని అమ్మతో కలిసి తుర్కయంజాల్‌కు బయలుదేరాడు. బాల్‌రాజ్ పెరట్లో ఉన్నప్పుడు అమ్మ నన్ను పక్కకు లాగింది. పేపరాయన వచ్చి అడిగితే బండి ఆ రోజు మీ ఆయన దగ్గరే ఉందని చెప్పమంది. పేపరోడు కాబట్టి అక్కడుండడం ఆయన పనే, ఎవరికీ అనుమానం రాదంది. మరి రాళ్ళు ఆయనే వేయించాడని ఆయన మీదికొస్తే ఎట్లా అని అడిగాను. "పేపరోళ్ళను ఎవలు పట్టుకుంటరే? ఆనికి ఇంకో పేపరుంటది. నీ తమ్మునికి ఇంకో నౌకరీ ఉందా?" అంది. నేను సరేననలేదు, కాదనీ అనలేదు. మా అమ్మ సరేనన్నాననే అనుకొని ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి త్రినాథరావు అనే నడివయసు విలేఖరి వచ్చాడు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే బాల్‌రాజ్ లేచి చెప్పులేసుకున్నాడు. గల్లీ చివర చాయ్ దుకాణంలో ఉంటానని త్రినాథరావుతో చెప్పి, నా వైపు ఒక్కసారి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. పరాయి మగాడొకడు ఇంట్లోకొచ్చి నా తమ్ముడి గురించి అడుగుతుంటే, కట్టుకున్నవాడు పక్కన కూర్చోకుండా చాయ్ తాగడానికి పోతాడా? తాను ఎదురుగా ఉంటే నేను తన ముఖం చూసి మాట్లాడతానని పోయాడని తరువాత అర్థమైంది. అర్థమైతే కోపం పోవాలని ఎక్కడా లేదు.

త్రినాథరావు నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, తిరుపతమ్మను చూసొచ్చానని మొదలుపెట్టాడు. ఆయన మాటలో కోస్తా యాస వినగానే నాకు మండింది. "మీ దిక్కు ఆమె కాబట్టి మిమ్మల్ని పంపిన్రా?" అని మొహం మీదే అడిగేశాను.

ఆయనకు కోపం రాలేదు. "ఆవిడది మా జిల్లాయేనమ్మా. ఆ సంగతి ఆఫీసులో చెప్పే వచ్చాను. ఇంకొకర్ని పంపండన్నాను. ఇవాళ ఈ ఊళ్ళో ఏ వైపూ లేనివాణ్ణి ఎక్కడ తెమ్మంటావయ్యా అన్నారు. నేను రాసింది మీ తెలంగాణ ఆయనొకరు కూడా చదివి సరేనన్నాకే అచ్చవుతుంది," అన్నాడు.

ఆమె ఏమందని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఒళ్ళు తెలియని నొప్పిలో ఆమె ఈ ప్రాంతాన్నీ, ఈ మనుషులనూ, మాకు పుట్టబోయే పిల్లలనూ కలిపి శాపనార్థాలు పెట్టిందట. అదీ రాస్తారా అన్నాను. నొప్పిలో ఉన్న మనిషి నోటివెంట వచ్చినవన్నీ రాస్తే రేపు ఇంకో బస్సు మీద రాళ్ళు పడతాయి, అవి రాయనన్నాడు. తరువాత అసలు సంగతికొచ్చాడు. ఆ రోజు బండి బాల్‌రాజ్ దగ్గరే ఉందా అని అడిగాడు.

ఉందని ఒక్క మాటంటే చాలు. మా అమ్మ ఆ ఒక్క మాట కోసం అక్కడ దేవుడికి దీపం పెట్టుకొని కూర్చుని ఉంటుంది. యాదగిరి ఖాకీ బట్టలు వేసుకుంటాడు. ఈయన మీద ఒక మచ్చ పడుతుంది, అంతే కదా. నేను నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. చేతికి పెట్టిన డబ్బాలన్నీ తిప్పి పంపి, రెండు వైపులా తిట్లు తింటూ తిరిగిన మనిషిని, రేపటినుంచి బస్సు మీద రాళ్ళు వేయించినవాడని లోకం అంటుంది. తను ఏమీ అనడు, మళ్ళీ ఆ అన్నం ముందు నోరు మెదపకుండా కూర్చుంటాడు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఆయన మీద, అమ్మ మీద, అద్దం అవతల మనిషుంటుందని తెలియని ఆ వెధవ మీద, తాళం అడగగానే తీసిచ్చిన నా మీద.

"లేదండి. తాళం నేనే ఇచ్చిన. మా తమ్మునికి," అన్నాను.

ఆయన రాసుకోవడం ఆపి, మీ పేరు ఎక్కడా రాదమ్మా అన్నాడు. ఎవరు చెప్పారన్నది తన నోటినుంచి ఎవరికీ పోదన్నాడు. మీ తమ్ముణ్ణి అడగకుండా అతని పేరు వెయ్యనని కూడా చెప్పి, అప్పటికప్పుడే తుర్కయంజాల్‌కు బయలుదేరాడు. అక్కడ యాదగిరి ఆయన మీదికి పోయి, నేనే వేసిన, ఏం రాసుకుంటవో రాసుకో, ఆంధ్రోనివి నువ్వు రాసేది నాకెరుకే అన్నాడట.

మూడోనాటి పేపర్లో రెండు వార్తలూ పక్కపక్కన వచ్చాయి. హాస్టల్లో పిల్లవాడి విరిగిన చేతి ఫోటో ఒక వైపు, తిరుపతమ్మ కన్ను సంగతి ఒక వైపు. రాయి వేశానని యాదగిరి ఒప్పుకున్నట్టు ఉంది. ఆ బండి మా పత్రిక ఎల్బీ నగర్ విలేఖరిదని, యాదగిరి ఆయన బావమరిదని, అందుకే ఈ వార్తలు ఆయన రాయలేదని కింద చిన్న అక్షరాలతో వేశారు. ఆ మాట వెయ్యమని అడిగింది ఈయనేనట.

ఆ పూటే యాదగిరిని పట్టుకుపోయారు. కేసు పడింది. ఉద్యోగం ఇక లేదు.

అది మొదలు మా ఇంటి మీద తిట్ల వాన కురిసింది. అల్లుడే బావమరిదిని పట్టించాడని తుర్కయంజాల్ అంతా చెప్పుకున్నారు. శిబిరంలోకి బాల్‌రాజ్ అడుగు పెడితే లేచి నిలబడి ద్రోహి అన్నారు. ఆ పేపరు కట్టలు కొత్తపేట చౌరస్తాలో కాలబెట్టారు. అటు సీఐ మనుషులు వచ్చి ఇంటి ఓనరును బెదిరించి పోయారు. ఇంటి ఓనరమ్మ వాకిట్లో నీళ్ళు చల్లేటప్పుడు మా గడప ముందు కావాలని వదిలేసేది. ఈయన తనంతట తానే ఎల్బీ నగర్ వద్దని చెప్పి, ఆఫీసులో కూర్చొని ఎవరో రాసిన వార్తలు దిద్దే పనికి పోయాడు.

నాకు అన్నం సహించేది కాదు. అన్ని తిట్లూ నావి. నా మాట వల్ల వచ్చినవి. ఆయన మాత్రం ఒక్కసారి కూడా, నేను కాదు చెప్పింది అని ఎవరితోనూ అనలేదు. ఒక రోజు ఉండబట్టలేక, నేనే పోయి మా అమ్మతో చెప్తానన్నాను.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఏం చెప్తవ్? త్రినాథరావుకు ఎవరు చెప్పిన్రో నాకు తెల్వదు," అన్నాడు. తెలిసే అన్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు నేను కాక ఇంకెవరున్నారు? పేపరు చూసిన క్షణంలోనే ఆయనకు తెలిసిపోయి ఉంటుంది. మంచి పని చేసినవనో, ఎందుకు చేసినవనో, ఏదో ఒకటి అంటే నాకు ఊరటగా ఉండేది. రాయిని కట్టుకున్నట్టుంది నా గతి అని ఆ పూట పొయ్యి ముందు కూర్చొని ఏడ్చాను.

సద్దుల బతుకమ్మ వచ్చింది. ప్రతి ఏడూ పదిసార్లు ఫోను చేసి పిలిచే అమ్మ ఆ ఏడు పిలవలేదు. యాదగిరి బెయిలు మీద వచ్చాడని పక్కింటి వాళ్ళ వల్ల తెలిసింది. పిలవకపోయినా పోతానన్నాను. బాల్‌రాజ్ సాగర్ రోడ్డు మీద ఊరి మలుపు దాకా తెచ్చి దింపి, పెట్రోలు బంకు దగ్గర ఉంటానన్నాడు. ఊళ్ళోకి వస్తే ఎవరైనా చెయ్యి చేసుకుంటారని ఆయనకూ తెలుసు.

అమ్మ నన్ను చూసి మొదట ముఖం తిప్పుకుంది. తరువాత ఏడుస్తూ దగ్గరికి తీసుకుంది. నువ్వేం చేస్తవ్ బిడ్డా, నీ చేతులేముంది అంది. పళ్ళెంలో సద్దులు పెట్టింది, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, నాకిష్టమని పులిహోర. పెడుతున్నంతసేపూ ఆయనను తిడుతూనే ఉంది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చుని తలా ఒక మాట కలిపారు. నీ తాళి తెగినా బాగుండునని ఒకామె అంది. అదీ విన్నాను. యాదగిరి అరుగు మీద గడ్డం పెరిగి కూర్చుని ఉన్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. నన్ను చూసి, "నువ్వు మంచిగున్నవా అక్కా? ఆడు నిన్నేమన్న అంటుండా?" అని అడిగాడు.

వాడు అంత ప్రేమగా అడగకపోతే నేను చెప్పకపోయేదాన్నేమో. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను.

"ఆయన చెప్పలేదురా. ఆయన ఇంట్లనే లేడు. బండి నీకిచ్చిన్నని పేపరాయనకు చెప్పింది నేను," అన్నాను.

యాదగిరి నన్ను చూస్తూ, నువ్వా అన్నాడు. అంతే. అమ్మ వంగి నా ముందునుంచి పళ్ళెం తీసింది. కోపంగా లాగలేదు, నిమ్మళంగా తీసి, లోపలికి తీసుకుపోయి, మళ్ళీ బయటికి రాలేదు. పక్కింటి వాళ్ళు కూడా లేచి పోయారు. ఎంగిలి చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళిచ్చేవాళ్ళు లేక నేనే తొట్టి దగ్గరికి పోయి కడుక్కున్నాను.

బంకు దగ్గర బాల్‌రాజ్ నా ముఖం చూసి సంగతి పట్టేశాడు. పెళ్ళయ్యాక నా మీద ఆయన గొంతెత్తింది ఆ ఒక్కసారే. "నేను మోస్తున్న కద! నడుమల నువ్వెందుకు చెప్పినవ్? చెప్పకపోవుడే నా పని. దాన్నెందుకు ఖరాబు చేసినవ్?"

నేనూ తగ్గలేదు. "నీకది పని. నాకు వాడు తమ్ముడు. నావల్ల వాని నౌకరీ పోయింది. ఆ తిట్లు నేనే తింట, నువ్వెవ్వనివి నడుమల?"

పెట్రోలు పోసే పిల్లలు, లారీ డ్రైవర్లు నిలబడి చూస్తున్నారు. ఎల్బీ నగర్ దాకా ఆయన ముందు, నేను వెనుక, ఇద్దరం ఒక్క మాట లేకుండా వచ్చాం. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు మాటల్లేవు.

తరువాత సమ్మె ఆగింది, బస్సులు తిరిగాయి, కొన్నేళ్ళకు రాష్ట్రమూ వచ్చింది. యాదగిరి తుర్కయంజాల్‌లోనే సిమెంటు దుకాణం పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, ఆ పెళ్ళికి నాకు పిలుపు లేదు.

మా అమ్మ ఇప్పుడు పండగ వస్తే ఫోను చేస్తుంది. ఆయనకు చేస్తుంది. అల్లుణ్ణి ఉత్త పుణ్యానికి అన్నన్ని మాటలన్నానని ఆమెకు బాధ. రమ్మని బతిమాలుతుంది. సంతోషి లేకుండా రానని ఆయన అంటాడు. నా పేరు వినగానే ఆమె మాట మారుస్తుంది. నా తరఫున రెండు మాటలు మాట్లాడి అమ్మను ఒప్పించమని ఎన్నిసార్లు అడిగానో. నీ మొగుణ్ణి కద, నీ గురించి నేను చెప్తే దానికేం విలువుంటదంటాడు. చూశారా ఈ మనిషిని! మొగుడు చెప్పకపోతే మరి ఎవరు చెప్తారు?

అయినా ఫోను వచ్చినప్పుడు నేను పక్కనే వచ్చి కూర్చుంటాను. అమ్మ గొంతు సన్నగా బయటికి వినబడుతుంటుంది. ఈమధ్య దగ్గుతోంది. డాక్టరుకు చూపించుకుందా, యాదగిరి పిల్ల నడుస్తోందా అని అడగమని సైగ చేస్తాను. ఆయన అడుగుతాడు. నేనడగమన్నానని మాత్రం చెప్పడు.